క్రిస్మస్ మే నెలలో వస్తే చెట్టుకి దూది అంటిస్తామా?

మీ పాప అడిగింది ఇదీ కదా: క్రిస్మస్ డిసెంబరులో కాకుండా మే నెలలోనో జూలైలోనో వచ్చుంటే పండగ ఇలాగే ఉండేదా? చెట్టు, నక్షత్రం, కేకు ఉండేవా? ఎండాకాలంలో శాంటాకి ఆ కోటులో చెమట పట్టదా? చివరిదానికి నా దగ్గర సొంత అనుభవం ఉంది. అది ఆఖర్న చెప్తాను.

ముందు నా సంగతి ఒక ముక్క. పుట్టి పెరిగింది భీమవరం దగ్గర పల్లెలో, లూథరన్ చర్చి కుటుంబం. తర్వాత ఇథియోపియాలో బహిర్ దార్ అనే ఊళ్లో మూడేళ్లు కాలేజీలో పాఠాలు చెప్పాను. గత 14 ఏళ్లుగా ఉంటున్నది మెల్‌బోర్న్ పడమటి శివార్లలో. ఇక్కడ మా తెలుగు సంఘంలో పండగ భోజనాల పని దాదాపు ప్రతి ఏడాదీ నా నెత్తినే పడుతుంది. అందుకని నా జవాబు కాస్త వంటింటి వైపు నుంచి ఉంటుంది, ఏమనుకోకండి.

ఇలాంటి ప్రశ్నకి చాలామంది "మంచు ఉండదు, మిగతాదంతా అంతే" అనేస్తారు. నేను ఒప్పుకోను. మంచు ఈ పండగలోకి ఆలస్యంగా వచ్చింది. పండగకి రూపం ఇచ్చేవి రెండు: ఆ రోజుల్లో జనానికి తీరిక ఉందా, ఇంట్లో గింజ ఉందా. ఈ రెండూ ఏ నెలలో కలిస్తే పండగ ఆ నెల మాట వింటుంది. దీనికి ఊహ అక్కర్లేదు, వేరే కాలంలో క్రిస్మస్ చేసుకునే దేశాలు బోలెడున్నాయి. చూసొస్తే చాలు.

తేదీ సంగతి త్వరగా చెప్పేస్తాను. సువార్తల్లో యేసు పుట్టిన రోజు లేదు, నెల కూడా లేదు. క్రీ.శ. 200 ప్రాంతంలో అలెగ్జాండ్రియాలో ఉన్న క్లెమెంటు అనే క్రైస్తవ పండితుడు, కొందరు ఆ రోజుని ఐగుప్తు నెలల్లో పఖోన్ 25గా లెక్కిస్తున్నారని రాశాడు. మన లెక్కలో అది మే 20. ఏప్రిల్ 19 అనో 20 అనో చెప్పేవాళ్లు కూడా ఉన్నారని రాశాడు. అంటే మీ పాప అడిగిన మే నెల క్రిస్మస్ ఒకప్పుడు నిజంగానే బరిలో ఉంది. డిసెంబరు 25 అన్నమాట మనకి మొదట దొరికేది రోములో 354లో కూర్చిన ఒక పంచాంగంలో. అందులోని ఆ జాబితా 336 నాటిదని పండితుల అంచనా. ఆ తేదీయే ఎందుకు అన్నదానికి రెండు వాదాలున్నాయి. రోమన్లు సూర్యుడికి చేసే పండగ రోజుని తీసుకున్నారని ఒకటి. మరియమ్మ గర్భం దాల్చిన రోజు మార్చి 25 అనుకుని, దానికి తొమ్మిది నెలలు కలిపారని ఇంకోటి. తగువు ఇంకా తేలలేదు. తూర్పు సంఘాలు చాలాకాలం జనవరి 6న చేసేవి, ఆర్మేనియా వాళ్లు ఇప్పటికీ అదే రోజు చేస్తారు. సాక్షాత్తు బేత్లెహేములోనే ఏటా మూడు క్రిస్మస్‌లు జరుగుతాయి: డిసెంబరు 25న ఒకరిది, ఇప్పటిదానికి పదమూడు రోజులు వెనక నడిచే పాత క్యాలెండరు ప్రకారం జనవరి 7న ఇంకొకరిది, అదే పాత లెక్కలో జనవరి 6 కాబట్టి జనవరి 18 రాత్రి మొదలై 19న అక్కడి ఆర్మేనియా వాళ్లది. పుట్టిన ఊళ్లోనే ఇంత వెసులుబాటు ఉంటే మనం మే నెల గురించి మాట్లాడుకోవడంలో తప్పేం లేదు.

ఇప్పుడు అసలు సరుకు. క్రిస్మస్‌కి ఒక కవల పండగ ఉంది, మన దగ్గర దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. లూకా సువార్త ప్రకారం బాప్తిస్మమిచ్చు యోహాను యేసు కంటే ఆరు నెలలు పెద్ద. అందుకని చర్చి ఆయన పుట్టినరోజుని జూన్ 24న పెట్టింది. అదే చర్చి, అదే ఐరోపా, అదీ పుట్టినరోజు పండగే. మారిందల్లా కాలం ఒక్కటే. "జూన్‌లో క్రిస్మస్ ఎలా ఉండేది" అన్న ప్రశ్నకి ఇంతకంటే దగ్గరి సాక్ష్యం దొరకదు.

అది ఎలా జరుగుతుందంటే, మొత్తం ఆరుబయటే. స్వీడన్‌లో ఆకులూ పూలూ చుట్టిన పెద్ద స్తంభం నిలబెట్టి దాని చుట్టూ ఆడతారు. తినేది ఊరబెట్టిన హెర్రింగు చేప, అప్పుడే తవ్విన కొత్త బంగాళాదుంపలు, పుల్లటి మీగడ, స్ట్రాబెర్రీలు. డెన్మార్క్‌లో ముందురోజు రాత్రి సముద్రపు ఒడ్డున నెగళ్లు వేస్తారు. స్పెయిన్‌లో అలికాంతె ఊళ్లో పెద్ద పెద్ద బొమ్మలు కట్టి మరీ కాలుస్తారు. స్వీడన్ వాళ్లయితే సెలవు కలిసొస్తుందని 1953లో ఈ పండగని జూన్ 24 నుంచి ఆ దగ్గర్లో పడే శుక్ర, శని వారాలకి జరిపేసుకున్నారు. ఇంట్లో కూర్చుని చేసే పనులు ఇందులో దాదాపు లేవు. బహుమతుల పొట్లాలు లేవు. నెలల తరబడి నిలవుండే తీపి పిండివంటలు లేవు. ఎందుకుంటాయి? జూన్‌లో పొద్దు గూకదు, తోటలో తాజాగా కాసినవి ఉంటాయి, ఇంట్లో ఎవరు కూర్చుంటారు?

ఇంకా విచిత్రం చూడండి. ఇదే యోహాను పండగ పోర్చుగీసు వాళ్లతో పాటు బ్రెజిల్ వెళ్లింది. అక్కడ జూన్ అంటే చలికాలం, అదీ ఈశాన్య రాష్ట్రాల్లో మొక్కజొన్న చేతికొచ్చే కాలం. మార్చి 19న యోసేపు పండగ నాడు విత్తితే యోహాను పండగకి కంకి కోతకొస్తుందని అక్కడి రైతుల నమ్మకం. దాంతో ఆ పండగ మొత్తం మొక్కజొన్న పండగ అయిపోయింది. ఉడికించిన కంకులు, మొక్కజొన్న రవ్వతో చేసే పాయసం లాంటిది, ఆకులో చుట్టి ఉడికించేది, అన్నీ అదే. కాంపీనా గ్రాంజి అనే ఊళ్లో జూన్ నెలంతా జాతరే. గడ్డి టోపీలు, అతుకుల చొక్కాలు వేసుకుని జతలు జతలుగా నాట్యం చేస్తారు. నెగడు మాత్రం ఐరోపా నుంచి వచ్చిందే ఉంది. నెగడు ఎక్కడైనా వెలుగుతుంది, మొక్కజొన్న మాత్రం ఆ నేలదే.

ఇప్పుడు ఇదే కళ్లజోడుతో ఐరోపా క్రిస్మస్‌ని చూడండి. అక్కడ పాతకాలంలో చలికాలం రాగానే పశువులకి మేత తరుగుతుంది. నవంబరు 11, అంటే మార్టిన్ పండగ ప్రాంతంలో, మేపలేని పశువుల్ని, బలిసిన పందుల్ని కోసేవారు. చలికి మాంసం పాడవదు, ఉప్పులో వేస్తే డిసెంబరుకి సరిగ్గా సిద్ధమవుతుంది. శరత్కాలపు బార్లీతో బీరు, ద్రాక్షతో వైను తయారై ఉంటాయి. పొలంలో పని లేదు, పొద్దున తొమ్మిదింటికి తెల్లవారి మధ్యాహ్నం మూడున్నరకే చీకటి పడే ఊళ్లున్నాయి. ఇంత మాంసం, ఇంత సారా, ఇంత తీరిక, ఇంత చీకటి ఒకేసారి ఏడాదిలో ఇంకెప్పుడూ ఉండవు. పన్నెండు రోజుల పండగ చేసుకున్నారంటే ఆశ్చర్యం ఏముంది? అప్పుడు బయట పచ్చగా ఉండే చెట్లు కూడా రెండు మూడు రకాలే: దేవదారు జాతివి, హోలీ, ఐవీ. తెచ్చి ఇంట్లో పెట్టుకున్నారు. జూన్‌లో అయితే అన్నీ పచ్చగానే ఉంటాయి, దాన్నే ప్రత్యేకంగా ఎవడు నరికి తెస్తాడు?

మంచు బొమ్మల కథ వేరు. లండన్‌లో థేమ్స్ నది గడ్డకట్టి దాని మీద జాతర జరిగింది చివరిసారి 1814లో. చార్లెస్ డికెన్స్ చిన్నతనం గడిచింది ఆ చల్లటి ఏళ్లలోనే. ఆయన 1843లో రాసిన క్రిస్మస్ కథ, ఆ తర్వాత అచ్చయిన కార్డులు కలిసి మంచుని పండగకి అంటించేశాయి. నిజానికి బ్రిటన్‌లో మంచు డిసెంబరులో కంటే జనవరి నుంచి మార్చి లోపే ఎక్కువ పడుతుంది. మా చిన్నప్పుడు భీమవరం పక్కన సరుగుడు కొమ్మ నరికి తెచ్చి, దాని మీద మందులషాపు దూది అంటించే వాళ్లం. చెమటలు కక్కుతూ మంచు అంటించడం అన్నమాట. ఆ దూదికి, ఏసుక్రీస్తు పుట్టుకకి మధ్య సంబంధం ఏదైనా ఉందంటే అది లండన్ అచ్చాఫీసు మీదుగానే.

సరే, ఎండాకాలం క్రిస్మస్‌కి వద్దాం. నేను బాగా ఎరిగింది ఇదే.

మెల్‌బోర్న్‌లో డిసెంబరు 25న సూర్యుడు రాత్రి ఎనిమిదీ నలభై దాటాక అస్తమిస్తాడు. ఈ ఒక్క సంగతి సగం పండగని తలకిందులు చేస్తుంది. ఇంటిముందు రంగురంగుల లైట్లు పెట్టుకుంటారు, కానీ తొమ్మిదిన్నర దాకా అవి వెలుగుతున్నట్టే తెలీదు. ఐవన్‌హో అనే పేటలో ఒక వీధి వీధంతా లైట్లు పెడతారు, ఊరంతా చూడ్డానికి పోతుంది. పిల్లల్ని తీసుకెళ్తే ఇంటికొచ్చేసరికి పదకొండు. కొవ్వొత్తులు పట్టుకుని పాటలు పాడే కార్యక్రమం ఇక్కడ 1938 నుంచి ఉంది, ఇప్పుడు డిసెంబరు 24 రాత్రి పెద్ద పచ్చిక మైదానంలో జరుగుతుంది, టీవీలో దేశమంతా చూస్తుంది. మొదటి గంట ఆ కొవ్వొత్తులు వెలుతుర్లో వెలిగించిన అగరొత్తుల్లా ఉంటాయి. జనం చాపలు పరుచుకుని, బుట్టల్లో తిండి పెట్టుకుని, పొట్టి లాగుల్లో కూర్చుంటారు. మన ఊరి తీర్థంలా ఉంటుంది.

కానీ ఎండ కంటే పెద్ద మార్పు ఇంకోటి ఉంది, బయటినుంచి చూసేవాళ్లకి తోచదు. ఆస్ట్రేలియాలో బడి సంవత్సరం డిసెంబరులోనే అయిపోతుంది. పరీక్షలు, ఫలితాలు, వీడ్కోలు పార్టీలు అన్నీ అయ్యి, ఆరు వారాల వేసవి సెలవులు మొదలైన వారంలో క్రిస్మస్ పడుతుంది. మనకి ఏప్రిల్ ఆఖర్న బడి మూసేసిన రోజు సాయంత్రం ఉంటుందే, సంచీ ఓ మూల గిరాటేసి అమ్మమ్మ ఊరు బస్సెక్కే ఆ ఊపు, అదీ ఇక్కడి క్రిస్మస్ వాసన. ఐరోపాలో అది చలికాలం మధ్యలో చిన్న విరామం, మళ్లీ అదే తరగతికి వెళ్లాలి. ఇక్కడ ఏడాదే అయిపోయింది. పండగ మర్నాటి నుంచి దేశం పడుకుంటుంది. జనవరి మొదటి రెండు వారాల్లో ఇంట్లో కొళాయి పాడైతే ప్లంబర్ దొరకడు, వాడు సముద్రపు ఒడ్డున డేరాలో ఉంటాడు. డిసెంబరు 26న మెల్‌బోర్న్ మైదానంలో టెస్టు మ్యాచ్ మొదలవుతుంది, అదే రోజు సిడ్నీ నుంచి హోబార్ట్‌కి తెరచాప పడవల పందెం బయల్దేరుతుంది. ఆ పందెం 1945 నుంచి నడుస్తోంది. క్రిస్మస్ చలికాలంలో ఉండుంటే ఈ రెండూ ఆ తేదీల్లో ఉండేవి కావు.

తిండి చెప్తాను. పంది తొడ, అంటే హామ్, ఇక్కడా తప్పదు. పైన చెప్పానే, అది ఐరోపాలో నవంబరులో కోసి ఉప్పులో వేసిన పందికి గుర్తు. ఇక్కడ ఆ కారణం లేకపోయినా ఆచారం ఓడెక్కి వచ్చేసింది. అయితే దాన్ని చల్లగా కోసుకు తింటారు, మిగిలింది వెనిగర్ నీళ్లలో తడిపిన గుడ్డసంచీలో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టి జనవరి దాకా లాగిస్తారు. ఫ్రిజ్‌లో సగం ఆ సంచీకే. మిగతావన్నీ మాత్రం ఎండ చెప్పినట్టే: రొయ్యలు, చెర్రీలు, మామిడిపళ్ల ట్రేలు, గుడ్డు తెల్లసొనతో చేసే పావ్‌లోవా. సిడ్నీలో చేపల మార్కెట్టు పండగ ముందు 36 గంటలు మూయకుండా నడుస్తుంది. మన పశ్చిమగోదావరి వాణ్ణి కాబట్టి క్రిస్మస్‌కి రొయ్యలు అనగానే నాకు ప్రాణం లేచొచ్చింది, చలిదేశాల క్రిస్మస్ కంటే ఇదే మన వైపుదనిపించింది.

మొదటి రెండేళ్లు నేను చేసిన తప్పు: ఇంట్లో తెల్లవారుజామున బిర్యానీ దమ్ చేసి, మధ్యాహ్నం పార్కులో వడ్డిద్దామనుకోవడం. 38 డిగ్రీల్లో కారు డిక్కీలో మూడు గంటలుంటే పెరుగు చట్నీ పులిసింది, చికెన్ మీద నాకే నమ్మకం పోయింది. మొత్తం పారబోశాం. పోనీ అక్కడే బొగ్గుల మీద మాంసం కాలుద్దామంటే, ఎండగాలులు ఎక్కువున్న రోజు నిప్పు మీద పూర్తి నిషేధం పెడతారు, బొగ్గో కట్టెలో అంటించడం నేరం. ఊరికే పెట్టిన రూలు కాదది. 2001లో సిడ్నీ చుట్టుపక్కల అడవులు సరిగ్గా క్రిస్మస్ నాడు తగలబడ్డాయి. 1974లో డార్విన్ ఊరిని క్రిస్మస్ తెల్లవారేసరికి ట్రేసీ తుఫాను నేలమట్టం చేసింది. ఎండాకాలపు పండగకి ఉండే గండాలు ఇవి. చలిదేశాల వాళ్లు రోడ్డు మీద మంచు గురించి బెంగపడితే ఇక్కడ ఫోన్‌లో కార్చిచ్చు యాప్ చూసుకుని బయల్దేరతారు. ఇప్పుడు మేం పులిహోర, చల్లటి రొయ్యల వేపుడు, పార్కులో ఉండే కరెంటు పెనం మీద అప్పటికప్పుడు కాల్చేవి, పుచ్చకాయ, అంతే. బిర్యానీ రాత్రికి ఇంట్లో.

ఎండ గ్యారంటీ అనుకోకండి కూడా. 2006 క్రిస్మస్ నాడు ఈ రాష్ట్రంలో ఎత్తైన కొండల మీద మంచు పడిందని పాతవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. 2011లో అదే రోజు మెల్‌బోర్న్‌లో పెద్ద పెద్ద వడగళ్లు పడి కార్ల అద్దాలు పగిలాయి.

చెట్టు గురించి మీ పాపకి ఇది నచ్చుతుంది. దేవదారు కొమ్మ ఇక్కడా కొంటారు, కానీ నేల తన చెట్టు తాను చూపించుకుంది. న్యూజిలాండ్ తీరంలో పొహుతుకావా అనే చెట్టు సరిగ్గా డిసెంబరులో ఎర్రటి కుచ్చుల పూలు పూస్తుంది, దాన్నే అక్కడ క్రిస్మస్ చెట్టంటారు. పశ్చిమ ఆస్ట్రేలియాలో ఇంకో చెట్టు నారింజరంగు పూలతో మండిపోతుంది, దానికీ అదే పేరు. సిడ్నీ వైపు క్రిస్మస్ పొద అని ఒకటుంది, అందులో ఎర్రగా కనిపించేవి పూరేకులు కావు, పూలు రాలాక పెరిగే రక్షక పత్రాలు. డిసెంబరులో దీపాల చుట్టూ మూగే ఒక మెరిసే పేడపురుగులాంటి దానికి క్రిస్మస్ పురుగని పేరు. పండగని ఇంకో కాలంలోకి తీసుకెళ్లి వదిలితే ఒకటి రెండు వందల ఏళ్లలో ఆ కాలపు పూలూ పురుగులూ వచ్చి దాని పేరు పెట్టుకుంటాయి.

మరి చలి సంగతి? ఆస్ట్రేలియాలో చలికాలానికి పండగ లేకుండా పోయింది. మా విక్టోరియా రాష్ట్రంలో జూన్ రెండో సోమవారం రాజుగారి పుట్టినరోజు సెలవు అయ్యాక సెప్టెంబరు ఆఖరి దాకా ప్రభుత్వ సెలవంటూ లేదు. సాయంత్రం ఐదింటికే చీకటి, వాన, గాలి. ఇక్కడికి వచ్చిన కొత్తలో ఆ మూడు నెలలు నాకు గడిచేవి కావు. అప్పుడు అర్థమైంది, ఐరోపా వాళ్లు చలి మధ్యలో ఓ పెద్ద పండగ ఎందుకు పట్టుకున్నారో. ఆ ఖాళీని ఇక్కడి హోటళ్లు కనిపెట్టి "జూలైలో క్రిస్మస్" అని మొదలుపెట్టాయి, సిడ్నీ దగ్గర బ్లూ మౌంటెన్స్‌లో అయితే అదో సీజన్. టర్కీ కోడి రోస్టు, వేడి మసాలా వైను, చలిమంట, చెట్టు కూడా పెడతారు. చర్చి ఒక్కటే ఉండదు. ప్రార్థన లేదు, పుట్టుక కథ లేదు. హోబార్ట్‌లో 2013 నుంచి జూన్ చీకట్లో ఇంకో ఉత్సవం నడుస్తోంది, దానికి క్రీస్తుతో అసలే పని లేదు, నెగళ్లు, విందు, తెల్లవారగానే గడ్డకట్టే నీళ్లలో స్నానం. ఉత్తరార్ధగోళంలో ఒకే రోజు కలిసి ఉన్న రెండు పండగలు, చలికాలపు విందు ఒకటి, క్రీస్తు పుట్టుక ఒకటి, ఇక్కడ విడిపోయి ఆరు నెలల ఎడంలో వేర్వేరుగా బతుకుతున్నాయి. మీ పాప ప్రశ్నకి నేనిచ్చే జవాబు మొత్తం ఈ ఒక్క వాక్యంలో ఉంది, కానీ ఇథియోపియా చెప్పకుండా వదల్లేను.

బహిర్ దార్‌లో డిసెంబరు 25 మామూలు పనిదినం. మొదటి ఏడాది ఆ పొద్దున్న క్లాసుకెళ్లి పాఠం చెప్పి వచ్చాను. సాయంత్రం మేం ముగ్గురు తెలుగువాళ్లం గదిలో గుడ్ల కూర వండుకుని పండగ అనిపించుకున్నాం, అదీ గుడ్లు దొరకడానికి ఊరంతా తిరిగి. ఎందుకంటే వాళ్ల పండగ జనవరి 7, దానికి ముందు 43 రోజులు ఉపవాసం. మాంసం, పాలు, గుడ్డు ఏవీ ముట్టరు. వాళ్ల క్రిస్మస్‌ని గెన్నా అంటారు. పండగ ముందురోజు బస్సుల్లో ప్రతివాడి చేతిలో తలకిందులుగా వేలాడే కోళ్లు, రోడ్డు నిండా గొర్రెలు. కోడిని పన్నెండు ముక్కలు చేసి, ఉల్లిపాయల్ని గంటల తరబడి వేయించి, ఉడికించిన గుడ్లు వేసి దోరో వాట్ అనే పులుసు చేస్తారు. ఇంజెరా అనే పుల్లట్టుతో తినాలి. నన్ను పిలిచిన ఇంట్లో నేల మీద పచ్చగడ్డి పరిచారు. అందరూ తెల్లటి నూలు బట్టలే. మగపిల్లలు కర్రలతో హాకీ లాంటి ఆట ఆడతారు, దాని పేరు కూడా గెన్నాయే. యేసు పుట్టాడని విని కాపరులు సంతోషంతో ఆ ఆట ఆడారట. చెట్టు, శాంటా, బహుమతులు ఆ ఇంట్లో నేను చూడలేదు.

అక్కడ జనవరి పొడికాలం, ఎండ హాయిగా ఉంటుంది. టెఫ్ అనే చిరుగింజ ధాన్యం కోతలు, నూర్పిళ్లు అయిపోతున్న రోజులు. గాదె నిండింది, చేతులు ఖాళీ అయ్యాయి. తేదీలో ఐరోపాకి పదమూడు రోజులే తేడా, పండగ మాత్రం ఇంకో లోకం. కాబట్టి తేదీ మారిస్తేనే అంతా మారుతుందన్నది కూడా నిజం కాదు.

తేదీ మార్చిన దేశం కూడా మన కళ్లముందే ఉంది. 2023లో యుక్రెయిన్ తన క్రిస్మస్ సెలవుని జనవరి 7 నుంచి డిసెంబరు 25కి చట్టం చేసి జరిపింది. గోధుమలు, గసగసాలు, తేనె కలిపి చేసే కుత్యా, మాంసం లేని పన్నెండు వంటకాల రాత్రి భోజనం, అన్నీ యథాతథంగా కొత్త తేదీకి నడిచొచ్చాయి. రష్యాలో అయితే తిరగబడింది: సోవియట్ కాలంలో 1935 తర్వాత చెట్టునీ, బహుమతుల తాతయ్యనీ క్రిస్మస్ నుంచి ఊడదీసి కొత్త సంవత్సరానికి తగిలించారు. ఇప్పటికీ అవి అక్కడే ఉన్నాయి.

ఇక మన ఊళ్లు. మా డెల్టాలో డిసెంబరు ఆఖరికి సార్వా, అంటే వానాకాలపు వరి, కోతలయ్యి కూలి డబ్బులు చేతికొస్తాయి. కొత్త బియ్యం ఉంటాయి కాబట్టి అరిసెలు. రాత్రి చల్లగా ఉంటుంది కాబట్టి ట్రాక్టరెక్కి తెల్లవార్లూ ఇంటింటికీ క్యారల్స్. ధనుర్మాసం, పక్కవీధిలో ముగ్గులు, ఇంకో మూడు వారాల్లో సంక్రాంతి, ఊరు ఊరంతా అప్పటికే పండగ మూడ్‌లో ఉంటుంది. అదే క్రిస్మస్ జూలైలో పెట్టండి. నాట్లు. మా ఊరి చర్చి సంఘంలో సగానికి పైగా కుటుంబాలవి కూలి బతుకులు, ఆడవాళ్లకి ఏడాదిలో నాలుగు డబ్బులు కనిపించేది ఆ వారాల్లోనే, నీళ్లలో వంగి. ఒక రోజు మానితే ఒక రోజు కూలి పోయినట్టే. ఇంట్లో పాతబియ్యం అడుగంటి ఉంటాయి. కాగితపు నక్షత్రం వానకి ముద్దవుతుంది, ట్రాక్టరు బురదలో దిగబడుతుంది. జూలైలో క్రిస్మస్ అయితే మా ఊళ్లో అది ఆదివారం ఆరాధన అంత చిన్నదై ఉండేదని నా అంచనా. పెద్ద పండగగా ఇంకోదాన్ని ఎంచుకునేవాళ్లం, బహుశా గుమ్మడికాయలూ కోళ్లూ తెచ్చి చర్చిలో వేలంపాట పాడే కోతపండగనే.

మే నెలకి మాత్రం అవకాశం ఉంది. దాళ్వా, అంటే రెండో పంట, కోతలు ఏప్రిల్‌కే అయిపోతాయి, బడి ఉండదు, పట్నంలో ఉన్నవాళ్లు పిల్లలతో దిగుతారు. చెట్టుగా సరుగుడు కొమ్మ బదులు కాయలతో ఉన్న మామిడి కొమ్మ. కేకు మీద క్రీము పొద్దున్నే పెడితే ఆరాధన అయ్యేసరికి జారిపోతుంది, కాబట్టి కేకు అసలు మన ఇళ్లలోకి వచ్చేదే కాదేమో. తాటిముంజలు, తాండ్ర, బంగినపల్లి ఉండేవి. గులాబీ పువ్వులు, జంతికలు ఏ కాలమైనా ఉంటాయి. ఆరాధన తెల్లవారుజామునే. అది ఎలా ఉంటుందో మనకి తెలుసు కూడా, ఈస్టరు రోజు చీకటితోనే సమాధుల దగ్గరికి వెళ్లి, కొవ్వొత్తులు వెలిగించి, ఎండెక్కేలోపు ఇంటికొచ్చేస్తాం కదా. అదే పద్ధతి. ఒక్క మెదక్ చర్చి విషయం మాత్రం నాకు సందేహం. 1924 డిసెంబరు 25న తెరిచిన ఆ చర్చికి క్రిస్మస్ నాడు ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు, కుటుంబాలతో చెట్ల కింద దిగి వండుకు తిని పడుకుంటారు. మే ఎండలో ఆ ఆవరణలో రెండు రోజులు ఉండటం పసిపిల్లలతో అయ్యే పని కాదు.

ఇంకో మాట. అసలు ఏ కాలానికీ కట్టుబడకుండా ఉంటే? రంజాన్‌ని చూడండి. చాంద్రమానం వల్ల ఏటా పదకొండు రోజులు వెనక్కి జరుగుతూ 33 ఏళ్లలో అన్ని కాలాలూ చుట్టొస్తుంది. 2018లో మే ఎండల్లో వచ్చింది, 2030లో జనవరిలో ఒకసారి, డిసెంబరులో ఒకసారి రెండుసార్లు వస్తుంది. హైదరాబాదులో హలీం ఏ నెలలో వచ్చినా హలీమే. ఫలానా చెట్టు, ఫలానా పండు, మంచు, ఎండ అనే బొమ్మలేవీ రంజాన్‌కి అతుక్కోలేదు, నెలవంక తప్ప. క్రిస్మస్ కూడా అలా తిరిగుంటే ఈరోజు దాని గుర్తు నక్షత్రం ఒక్కటే మిగిలేది.

చివరగా శాంటా చెమట. పడుతుందండీ, బాగా పడుతుంది. నాలుగేళ్ల కింద ఇక్కడి మా తెలుగు సంఘం పిక్నిక్‌లో ఆ వేషం నాదే. 36 డిగ్రీలు, పాలిస్టర్ కోటు, దూది గడ్డం. పావుగంటకే గడ్డం తడిసి మెడకి అంటుకుంది. మర్నాటి ఏడాది తెలివిగా పొట్ట కోసం దిండు బదులు ఫ్రిజ్‌లో గడ్డకట్టించిన ఐస్ ప్యాకులు తువ్వాల్లో చుట్టి కట్టుకున్నాను. అరగంట స్వర్గం. తర్వాత కరిగి, బహుమతులు సగం పంచేసరికి పొట్ట మోకాళ్ల మీదికి జారింది, కోటు అంచులోంచి నీళ్లు కారడం మొదలైంది. ముందు వరసలో కూర్చున్న ఐదేళ్ల పిల్లాడు అదంతా శ్రద్ధగా చూసి వాళ్లమ్మతో గట్టిగా అన్నాడు: "అమ్మా, శాంటా ఉచ్చపోసుకున్నాడు." ఈ ఏడాది నుంచి చొక్కా, లాగు, ఎర్ర టోపీ చాలని కమిటీలో తీర్మానం చేశాం.